అంటు

దామలచెరువు నర్సరీలో ఇరవై ఆరేళ్లుగా
అంటు కడుతున్నాను.
టెంక మొలిచిన పిల్లమొక్క మెడ కోసి, చీల్చి
బేనీషా పుల్లను సీలలా దించి
రిబ్బన్ చుట్టి
బొటనవేలితో ఒక్కసారి నొక్కుతాను.
నెల తిరిగేసరికి రెండు పచ్చలు ఒకటవుతాయి.
రోజుకి మూడొందలు.
మొక్కల లెక్కా అదే, కూలి లెక్కా అదే.

నా చెయ్యి పడితే బతుకుతుందని పేరు.
అందుకే, ఐరాల కాడ మా వాటా ఎకరాలో
శెనిక్కాయ మానేసిన ఎర్ర కయ్యలో
అరవై గుంతలు తీసి నా మొక్కలే నాటుకుంటే
ఎండాకాలానికి ఇరవై రెండు మాడిపోయినప్పుడు
ఊళ్లో ఎవరూ మొక్కల్ని అనలేదు.
నా చేతిని చూశారు.

ఎరువుల కొట్టు మునిరత్నం, డీఏపీ చాల్లేదక్కా అన్నాడు.
రిగ్గు బండి ఏజెంటు, తొమ్మిదొందల అడుగులు పోదాం అన్నాడు.
తిరుపతి ల్యాబులో పనిచేసే హంసవేణి
ఏమీ అనకుండా
చచ్చినదాని వేరొకటి, బతికినదాని వేరొకటి
రెండు మాత్రల డబ్బాల్లో పెట్టుకుని
ఏడూ నలభై బస్సెక్కింది.

బేస్తవారం నన్నూ రమ్మంది.
వేళ్లను ఉడకబెట్టి, నీలం మందులో నానబెట్టి
అద్దం కింద పెట్టి, చూడక్కా అంది.
ఒక కన్ను మూయడం నాకు రాదు.
చేత్తో మూసుకుని చూశాను.

చచ్చినదాంట్లో
ఖాళీ ఇళ్ల వరస.
బతికినదాంట్లో గదిగదికీ
నీలంగా
ఒక చిన్న చెట్టు.
మాను, కొమ్మ, కొమ్మకి కొమ్మ.
వేరులో చెట్టేందమ్మా అన్నాను.

బూజక్కా అంది.
మనం చీపురుకి గుడ్డకట్టి దులిపే జాతే.
వేరు దూరలేని సందుల్లోకి దారం పంపి
రాతి అడుగు తడిని, భాస్వరాన్ని తెచ్చిపెడుతుందట.
ఆకులో వండిన చక్కెర చెట్టు పెడుతుందట.
ఆ చిన్న చెట్టు బతికేది వారం, పది రోజులే.
అది కరిగితే పక్క గదిలో ఇంకోటి.
డీఏపీ దండిగా పడిందా
చెట్టు తలుపు తియ్యదట.
మనుషుల సంగతి చెప్తున్నావా అని
అడగబోయి ఊరుకున్నాను.

బతికిన వరసలకి ఏం చేశావక్కా?

ఏం చేశాను!
గెనిమ పక్క గుంతలు పూడక
కానగచెట్టు కింది మన్ను నాలుగు తట్టలు పోశాను.
అంతే.
అంతే అన్నాక
మా అమ్మ గుర్తొచ్చింది.

దేశమ్మ. పెద్దోళ్ల తోటకి తొలి మొక్క నాటిన మనిషి.
ఆ తోట బాయి ముట్టకూడదు.
రాలిన కాయ ఏరకూడదు.
ముసలి ఖాదరు మాను మొదట్లో
పిడికెడు మన్ను కొంగున కట్టుకుని
గుంత గుంతకీ ఇంత విదిలించేది.
ఎందుకమ్మా అంటే
ఎరిగిన మన్ను కాస్తుంటే
కొత్త చోట బిత్తరపోదే అనేది.
ఏం దాచావని ఒకరోజు గేటు కాడ
నలుగురి ముందు కొంగు విప్పించారు.
మన్ను రాలింది.
నవ్వారు.

అంటు అనే మాటని
ఆ ఇళ్ల వాకిళ్లలో ఒకలా విన్నాను,
ఆ ఇళ్ల తోటల్లో ఇంకోలా కట్టాను.
ఇన్నేళ్లూ మాట ఒకటేనని తోచలేదు.

తొలకరికి హంసవేణి
రాగిపిండి లాంటి పొడి సంచి ఇచ్చింది.
మొక్క వేరుకి తగిలేలా గుంతకి గుప్పెడు.
ఇరవై రెండు గుంతలు మళ్లీ తవ్వాను.
పొడి మీద కానగ మన్ను కూడా వేశాను,
ల్యాబుకి చెప్పలేదు.
లెక్క తేలాలంటే నాలుగు గుంతలు
ఉత్తవే వదలాలక్కా అని
ఒట్టు వేయించుకుని పోయింది పిల్ల.

మూడు వదిలాను.
నాలుగోదాని కాడ
కొంగు నేనే విప్పాను.